ఒక్క పూట అంకెతో తీర్పు చెప్పరాదు

(హుజూరాబాద్‌లో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను చెప్పవలసిన విషయం పేరు కొంచెం బరువుగా వినిపిస్తుంది. ‘యాదృచ్ఛిక చలరాశులు, సంభావ్యతా విభాజనాలు’. మీ ఇళ్లలో ఇంటర్మీడియట్ లెక్కలు చదివిన పిల్లలుంటే ఈ పేరు వారికి తెలిసే ఉంటుంది. పేరు విని జంకవద్దని మనవి. ఈ పాఠంలోని సంగతి రోజుకు రెండు పూటలా మన సంఘం గుమ్మం దగ్గర జరుగుతూనే ఉన్నది.

“నిన్న ఏడు వచ్చింది, ఇయ్యాల ఆరు పాయింట్ ఆరు ఎట్లొస్తది? అదే బర్రె, అదే మేత గద” అని సభ్యుడు అడుగుతాడు. “మిషన్ల వచ్చిందే రాసిన” అని పరీక్ష చేసే అబ్బాయి అంటాడు. మాట పెరుగుతుంది. సభ్యునికి పరీక్ష మీద అనుమానం, పరీక్షకునికి పాల మీద అనుమానం. నాలుగు రోజులు ఇలాగే జరిగితే ఆ సభ్యుడు అలిగి పాలు బయటి వ్యాపారికి పోస్తాడు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయకపోయినా సంఘం ఒక ఇంటిని పోగొట్టుకొంటుంది.

1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో మొదలై, 1970 నుంచి 1996 వరకు నడిచిన ఆపరేషన్ ఫ్లడ్ ద్వారా దేశమంతా పాకిన పాల సహకార పద్ధతికి పునాది ఒక్కటే. ప్రతి పూటా పాలు కొలిచి, పరీక్షించి, నాణ్యతను బట్టి డబ్బు ఇవ్వడం. ఆ పరీక్ష మీద నమ్మకం పోతే మిగిలేది పాత వ్యాపారి పద్ధతే. కాబట్టి ఏ తేడా సహజమో, ఏ తేడాను తప్పక విచారించాలో తెలుసుకోవడం మనకు పుస్తకాల చదువు మాత్రమే కాదు, సంఘాన్ని నిలుపుకొనే పని.

అష్టాచెమ్మా గవ్వలు

మనందరికీ తెలిసిన అష్టాచెమ్మాతో మొదలు పెడదాం. నాలుగు గవ్వలు వేస్తాం. ఎన్ని వెల్లకిలా పడతాయో వేయకముందు ఎవరూ చెప్పలేరు. కాని 0, 1, 2, 3, 4 – ఈ అయిదింటిలో ఏదో ఒకటి పడుతుందని అందరికీ తెలుసు. ఇట్లా ముందుగా చెప్పలేనిదీ, కాని ఏయే విలువలు రావచ్చునో తెలిసినదీ అయిన అంకెను ‘యాదృచ్ఛిక చలరాశి’ అంటారు. అంతకుమించి ఆ మాటలో మర్మమేమీ లేదు.

ఆట ఆడినవారికి మరొక సంగతి కూడా తెలుసు. రెండు తరచుగా పడుతుంది, అష్టా గాని చెమ్మా గాని అరుదుగా పడతాయి. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకొంటే, నాలుగు గవ్వలు పడే తీరులు మొత్తం 16. వాటిలో ఒక్కటీ వెల్లకిలా పడనిది 1, ఒక్కటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, నాలుగూ పడేది 1. ఏ విలువకు ఎంత అవకాశమో చెప్పే ఈ పట్టికనే ‘సంభావ్యతా విభాజనం’ అంటారు. మొత్తం అవకాశం విలువల మధ్య ఎట్లా పంచబడిందో చెబుతుంది గనుక ఆ పేరు.

నాలుగు ఈతలు

ఇప్పుడు గవ్వలు పక్కన పెట్టి కొట్టంలోకి వద్దాం. ఒక బర్రె నాలుగు ఈతలు ఈనింది. ప్రతి ఈతలోనూ పెయ్యదూడ పుట్టే అవకాశం దాదాపు సగం. లెక్క గవ్వల లెక్కే. 16 వంతులలో ఒక వంతు బర్రెలకు నాలుగు ఈతల్లోనూ ఒక్క పెయ్య కూడా పుట్టదు.

ఒక ఊళ్లో నాలుగేసి ఈతలు ఈనిన బర్రెలు 160 ఉన్నాయనుకొందాం. వాటిలో సుమారు 10 బర్రెలకు నాలుగూ మగదూడలే పుడతాయి. మరో పదింటికి నాలుగూ పెయ్యలే పుడతాయి. మొదటి పదింటిని చూసి “ఇది దున్నలనే ఈనుతది, అమ్మెయ్” అంటాం. తరువాతి పదింటి యజమానులను చూసి “వాళ్లది మంచి చెయ్యి” అంటాం. బర్రెలో లోపమూ లేదు, చేతిలో మహిమా లేదు. 160 ఉన్నచోట అట్లాంటివి పదేసి ఉండవలసిందే. నాలుగు మగదూడలు పుట్టిన బర్రెకు అయిదో ఈతలో కూడా అవకాశం మళ్లీ సగమే. గడిచిన ఈతలు దానికి గుర్తుండవు. పాలు బాగా ఇచ్చే బర్రెను ఈ ఒక్క కారణంతో సంతకు తోలితే నష్టం మనకే.

పెయ్యలే ఎక్కువగా పుట్టేటట్లు వేరు చేసిన వీర్యం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. దానితో పెయ్య పుట్టే అవకాశం సుమారు నూటికి 90. విభాజనం మనవైపు వంగింది, అంతే. అది వాడినా నూటికి పదిమంది ఇళ్లలో మగదూడ పుడుతుంది. ఆ పదిమంది మోసపోయామని అనుకోకూడదు.

సూది నిలవకపోతే

ఎదకు వచ్చిన బర్రెకు గోపాలమిత్ర చేత సూది వేయిస్తాం. నిలవదు. 21 రోజులు ఆగి మళ్లీ వేయిస్తాం. ఎన్నో సూదికి చూలు నిలుస్తుందన్నది కూడా యాదృచ్ఛిక చలరాశే.

లెక్క కోసం 100 బర్రెలను తీసుకొందాం. వాటిలో 90 ఆరోగ్యంగా ఉన్నవి, 10 గర్భకోశ వ్యాధి వల్ల చూలు కట్టలేనివి అనుకొందాం. ఆరోగ్యమైన వాటికి ఒక్కొక్క సూదికి నూటికి 40 నిలుస్తాయనుకొందాం. మొదటి సూది తరువాత ఆ 90లో 54 నిలవనివి మిగులుతాయి. రెండో సూది తరువాత 32, మూడో సూది తరువాత 19. వ్యాధి ఉన్న 10 ఎట్లాగూ మిగిలే ఉంటాయి.

మొదటి సూది తప్పినప్పుడు మిగిలిన 64లో వ్యాధి ఉన్నవి పదే. అంటే ఆరింట ఒకటి కూడా లేదు. అప్పుడే బర్రెను గొడ్డుదనడం, గోపాలమిత్రను తిట్టడం తొందరపాటు. కాని మూడు సూదులు తప్పిన 29లో 10 వ్యాధి ఉన్నవి. మూడింట ఒకటి. ఇప్పుడు నాలుగో సూదికి ముందు పశువైద్యునికి చూపించడం తప్పనిసరి. మూడు సూదులు తప్పితే డాక్టరుకు చూపించమని పెద్దలు చెప్పే మాట వెనుక ఉన్న లెక్క ఇదే. అయితే ఆ 29లో 19 మంచి బర్రెలే అన్నది కూడా మరవద్దు. చూపించాలి, కటికవానికి అమ్మరాదు.

వెన్న శాతం ఎందుకు ఊగుతుంది?

గవ్వలకు, దూడలకు విలువలు విడివిడిగా ఉంటాయి. వెన్న శాతం అట్లా కాదు. 6.8కీ 6.9కీ మధ్య ఎన్ని విలువలైనా ఉండవచ్చు. ఇటువంటి దానిని అవిచ్ఛిన్న చలరాశి అంటారు.

అది ఊగడానికి కారణాలు మీకు తెలియనివి కావు. మొదట పితికిన పాలలో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. దూడ చివరి పాలు తాగితే సంఘానికి వచ్చే పాలు పలుచన. రెండు పితుకుళ్ల మధ్య ఎడం పెరిగితే పాలు పెరిగి వెన్న శాతం తగ్గుతుంది. అందుకే పొద్దటి పాలకూ సాయంత్రం పాలకూ తేడా. ఎండ, మేత మార్పు, ఎద, ఈనిన తరువాత గడిచిన నెలలు అన్నీ కలుస్తాయి. వీటికి తోడు పరీక్షలో వచ్చే సన్నని తేడాలు. గెర్బర్ పద్ధతిలో పాలు 10.75 మిల్లీలీటర్లు సరిగ్గా తీసుకోవాలి. పిపెట్టు గీత మీద కన్ను కొంచెం ఎత్తున పెట్టినా, కిందికి పెట్టినా అంకె మారుతుంది.

ఇట్లా ఎన్నో చిన్న కారణాలు కొన్ని పైకీ కొన్ని కిందికీ లాగినప్పుడు వచ్చే అంకెలు సగటు చుట్టూ గుమిగూడతాయి. దూరం పోయిన కొద్దీ పలుచబడతాయి. కాగితం మీద గీస్తే బోర్లించిన గంట ఆకారం వస్తుంది. దీనినే సామాన్య విభాజనం అంటారు.

ఉదాహరణకు ఒక బర్రెకు పది పొద్దటి పూటల అంకెలు ఇట్లా ఉన్నాయనుకొందాం: 6.8, 7.2, 7.0, 6.6, 7.3, 6.9, 7.4, 7.1, 6.7, 7.0. మొత్తం 70, సగటు 7.0. ప్రతి అంకె సగటుకు ఎంత దూరమో చూసి, ఆ దూరాలను వర్గం చేసి, వాటి సగటు తీసి, వర్గమూలం కడితే సుమారు 0.25 వస్తుంది. దీని పేరు క్రమ విచలనం. మన మాటల్లో చెప్పాలంటే ‘మామూలు ఊపు’.

ఈ రెండు అంకెలు తెలిస్తే చాలా సంగతులు తెలుస్తాయి. నూటికి 68 పూటలు వెన్న 6.75కీ 7.25కీ మధ్య ఉంటుంది. నూటికి 95 పూటలు 6.5కీ 7.5కీ మధ్య ఉంటుంది. 6.25కు తగ్గడం, 7.75కు మించడం రెండూ కలిసి వెయ్యి పూటల్లో మూడు. కాబట్టి ఇయ్యాల 6.6 వస్తే అది వార్తే కాదు. 5.9 వస్తే మాత్రం వెంటనే అదే పాలను మళ్లీ పరీక్షించాలి.

ఇంకొక లెక్క చూడండి. 120 మంది సభ్యులున్న సంఘంలో రోజుకు 240 పరీక్షలు. నూటికి అయిదు తమ తమ మామూలు హద్దులు దాటుతాయి గనుక రోజుకు 12 అంకెలు ‘వింతగా’ కనిపిస్తాయి. ఎవరూ మోసం చేయకుండానే, ఏ మిషనూ చెడిపోకుండానే రోజుకు 12 తగాదాలకు సరిపడా సరుకు తయారవుతుంది!

సగటు చేసే పని, చేయలేని పని

పది రోజుల బిల్లులో 20 పూటలుంటాయి. ఒక పూట తేడాకు మరో పూట తేడాతో సంబంధం లేకపోతే, 20 అంకెల సగటు ఒక్కొక్క అంకె ఊగినంత ఊగదు. 20కి వర్గమూలం సుమారు నాలుగున్నర. 0.25ను దానితో భాగిస్తే సుమారు 0.056. అంటే నూటికి 95 బిల్లుల్లో సగటు 6.9కీ 7.1కీ మధ్యనే ఉంటుంది. పూట పూటకూ ఊగినా బిల్లు నిలకడగా వస్తుంది. ఒకనాడు పోయినది మరొకనాడు తిరిగి వస్తుంది.

అయితే ఇక్కడ జాగ్రత్తగా వినాలి. తిరిగి వచ్చేది రెండు వైపులా ఊగే తేడా మాత్రమే. ఒకే వైపుకు వాలిన తేడాను ఏ సగటూ సరిచేయలేదు. మిషన్ ప్రతి పూటా 0.1 తక్కువ చూపిస్తే ఇరవై పూటలకూ 0.1 తక్కువే. పూటకు 5 కిలోల పాలు పోసే సభ్యుడు పది రోజుల్లో 100 కిలోలు పోస్తాడు. అందులో 0.1 శాతం అంటే 100 గ్రాముల వెన్న. కిలో వెన్న ధర 800 రూపాయలని లెక్క కోసం అనుకొంటే 80 రూపాయల నష్టం. ఇట్లాంటి సభ్యులు 120 మంది ఉంటే పది రోజులకు 9,600 రూపాయలు.

అంకెను కుదించి రాయడంలో కూడా ఇదే జరుగుతుంది. 6.58 వస్తే 6.5 అని రాసి చివరి అంకెను వదిలేసే అలవాటు కొన్ని చోట్ల ఉంటుంది. చివరి అంకె 0 నుంచి 9 వరకు ఏదైనా సమానంగా రావచ్చు. వాటి సగటు 4.5. అంటే పూటకు సగటున 0.045 శాతం పోతుంది. పై లెక్కలోనే సభ్యునికి పది రోజులకు 36 రూపాయలు. 5, ఆపైన ఉంటే పైకి, అంతకు తక్కువైతే కిందికి సవరిస్తే ఈ నష్టం దాదాపు పూర్తిగా తొలగిపోతుంది. కొసరు చిన్నదే, కాని అది ఎప్పుడూ ఒకే వైపుకు పోతుంటే విచారించాలి.

కాబట్టి సూత్రం ఇది. ఎంత తేడా అని మాత్రమే అడగవద్దు. ఎటువైపు, ఎన్ని పూటలు వరుసగా అని కూడా అడగండి. పదిసార్లు వరుసగా సగటు కంటే తక్కువ రావడం 1,024లో ఒకసారి జరిగే సంగతి. అది ఒక్క సభ్యునికే జరిగితే పశువును, మేతను, ఈత నెలలను చూడాలి. అదే పది పూటలూ ఎక్కువమంది సభ్యులకు తగ్గితే మిషన్‌ను చూడాలి.

నీళ్లు కలిశాయా?

ఈ ప్రశ్న మనిషి పరువుకు సంబంధించినది. దీనికి వెన్న ఒక్కటే సాక్ష్యం చాలదు. వెన్నేతర ఘన పదార్థాలు, అంటే ఎస్.ఎన్.ఎఫ్., వెన్నలాగా పూట పూటకూ ఊగవు. వాటి విభాజనం ఇరుకైనది. అందుకే వాటి సాక్ష్యం బలమైనది. 7.0 వెన్న, 9.0 ఎస్.ఎన్.ఎఫ్. ఉన్న 90 కిలోల పాలలో 10 కిలోల నీళ్లు కలిస్తే వెన్న 6.3, ఎస్.ఎన్.ఎఫ్. 8.1 అవుతాయి. రెండూ కలిసి పడిపోతాయి. దూడ చివరి పాలు తాగితే వెన్న తగ్గుతుంది గాని ఎస్.ఎన్.ఎఫ్. దాదాపు అట్లాగే ఉంటుంది. వెన్న తగ్గి ఎస్.ఎన్.ఎఫ్. నిలిచి ఉన్న సభ్యుని మీద నీళ్ల మాట అనడం అన్యాయం.

ఒక్క మెతుకు చాలునా?

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన సామెత. నమూనా శాస్త్రమంతా అందులోనే ఉన్నది. కాని ఏ మెతుకు పట్టుకొన్నా ఒకటే అన్నప్పుడే ఆ సామెత చెల్లుతుంది. నిలకడగా ఉన్న పాలలో మీగడ పైకి తేలుతుంది. కలియబెట్టకుండా పైనుంచి తీస్తే ఒక అంకె, అడుగునుంచి తీస్తే మరో అంకె. కలియబెట్టకుండా తీసిన నమూనాను ఎంత మంచి మిషన్‌లో పెట్టినా ఫలితం లేదు.

మన రాష్ట్రంలో ఏటా ఎన్ని పాలు ఉత్పత్తి అయ్యాయో ప్రభుత్వం చెప్పే అంకె కూడా నమూనా మీదనే ఆధారపడినది. ప్రతి ఇంటి గిన్నె ఎవరూ కొలవరు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని సంవత్సరాన్ని మూడు భాగాలు చేసి, చీటీ తీసినట్లు పక్షపాతం లేకుండా గ్రామాలను ఎంచి, అక్కడి పశువుల పాలు కొలిచి లెక్క కడతారు.

కొద్ది నమూనాలతో ఎంతవరకు గట్టిగా చెప్పవచ్చునో ఆలోచించినవారిలో ఒకరు ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పని చేసిన గోసెట్. ఆయన 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఆ పద్ధతిని ప్రకటించాడు. ఎంత తెలివిగా లెక్క కట్టినా అనిశ్చితిని ఒక హద్దు కంటే తగ్గించలేమని 1945లో చూపినవారు మన తెలుగువారు, కలియంపూడి రాధాకృష్ణ రావుగారు. సి.ఆర్. రావుగా ప్రపంచానికి తెలిసిన ఆయన 1920లో హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, మహలనోబిస్ కలకత్తాలో స్థాపించిన భారతీయ గణాంక సంస్థలో పని చేశారు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకొని, ఆ సంవత్సరమే ఆగస్టులో కన్నుమూశారు. కొలతలో ఊపు ఉంటుందని ఒప్పుకోవడం పరీక్షకు తక్కువతనం కాదు. ఆ ఊపు ఎంతో చెప్పగలిగినప్పుడే పరీక్షకు విలువ.

సంఘాలకు నా మనవి

ఒకటి. ప్రతి సభ్యుడు పొద్దటి, సాయంత్రం అంకెలను వేరు వేరు వరుసల్లో రాసుకోవాలి. నెల రోజులు రాస్తే తన బర్రె సగటు ఎంతో, మామూలు ఊపు ఎంతో తెలుస్తుంది. చదువుకొనే పిల్లలకు ఈ లెక్క అప్పగించండి. వారికి పాఠమూ వస్తుంది.

రెండు. పరీక్షకు ముందు పాలు తప్పక కలియబెట్టాలి. అంకెను కుదించేటప్పుడు రెండు వైపులా సవరించాలి.

మూడు. వారానికి ఒకసారి ఒకే పాలను రెండు సీసాల్లో పోసి, పేరు రాయకుండా, వేరు వేరు సమయాల్లో పరీక్ష చేయించండి. రెండింటి మధ్య తేడా మీ పరీక్ష ఊపును చెబుతుంది. ఎలక్ట్రానిక్ మిషన్ అంకెను అప్పుడప్పుడు గెర్బర్ పరీక్షతో పోల్చి చూస్తే, అది ఒకవైపు వాలిందో లేదో తెలుస్తుంది.

నాలుగు. సభ్యులందరి వెన్న మొత్తానికీ, సంఘం నుంచి పోయిన పాలలో పై కేంద్రం చూపిన వెన్నకూ వచ్చే తేడాను రోజూ ఒక గోడ కాగితం మీద రాసి అందరికీ కనబడేటట్లు ఉంచండి. కొన్ని రోజులు పైకి, కొన్ని రోజులు కిందికి ఉంటే సరే. ఎప్పుడూ ఒకే వైపు ఉంటే పాలకవర్గం కూర్చుని కారణం వెతకాలి.

అయిదు. ఒక్క పూట అంకె చూసి ఎవరినీ దొంగ అనవద్దు. అనుమానం వస్తే అదే పాలను సభ్యుని ఎదుటనే మళ్లీ పరీక్షించాలి. మళ్లీ పరీక్ష అడగడం సభ్యుని హక్కు, అది పరీక్షకునికి అవమానం కాదు.

వరుసగా ఒకే వైపుకు వాలే అంకెను వదలవద్దు. ఇటూ అటూ ఊగే అంకెతో తగాదా పడవద్దు. ఈ రెండు మాటలు మన సంఘాల్లో నిలిస్తే పాలు పోసే ఇల్లూ, పరీక్షించే చెయ్యీ రెండూ నిశ్చింతగా ఉంటాయి.